పదవ తరగతివారికి డ్రిల్లు గంట అక్కరలేదా?

ప్రతి సంవత్సరమును క్రిస్మసు సెలవులు ముగిసి పాఠశాల తెరచిన మరునాడు ఉపాధ్యాయుల గదిలో గోడకు క్రొత్త టైంటేబులు అంటింపబడును. అందు పదవ తరగతికి ఎదురుగా నున్న గళ్లలో డ్రిల్లు అను మాట వెదకినను కానరాదు. దాని చోట గణితమో, భౌతికశాస్త్రమో, ఇంగ్లీషో వ్రాయబడి యుండును. దీనిని గూర్చి ఎవరును ఒక్క మాటయైన పలుకరు. తలిదండ్రులు సంతోషింతురు. పిల్లలు ఒకటి రెండు దినములు గొణిగి ఊరకుందురు. డ్రిల్లు మాష్టారుగారు సయితము, తమ గంట పోయినందుకు నొచ్చుకొన్నట్లు కనబడనీయక, ఈల మెడలో వేసికొని తొమ్మిదవ తరగతి పిల్లలతో మైదానమునకు వెడలిపోవుదురు. ఇది మన పాఠశాల యందలి ఆచారము మాత్రమే కాదు. నేనెరిగిన పాఠశాలలలో పెక్కింట ఇట్లే జరుగుచున్నది.

నేను జీవశాస్త్రము బోధించువాడను. ఆ గంటలలో ఒకటి నీకు కావలెనా అని నన్నును అడుగుట కద్దు. వలదనియే నా ప్రత్యుత్తరము. పిల్లలకు ఆటలన్న ముచ్చట గనుక వారి ముచ్చట తీర్పవలెనని నేను వాదించుట లేదు. మానవదేహమును గూర్చి తరగతిలో మేము చెప్పు పాఠమునకును, ఆ గోడమీది టైంటేబులునకును పొత్తు కుదురకున్నది. నా ఆక్షేపణ అంతయు ఇదియే.

"ఒక్క మూడు నెలలే గదా! పరీక్షలు కానిండు. ఆ తరువాత జన్మమంతయు ఆడుకొనవచ్చును" అని పెద్దలందురు. ఈ తర్కము ఇతర విద్యల విషయమున చెల్లును. మూడవ తరగతిలో కంఠస్థము చేసిన ఎక్కములు పదవ తరగతిలోను పనికివచ్చును. మధ్య నెన్నడును వల్లింపకున్నను పూర్తిగా చెరిగిపోవు. దేహబలము అట్టిది కాదు. అది బ్యాంకిలో వేసిన రొక్కము వలె నిలువయుండునది కాదు, ఇంటిలోని మంచినీటి కుండ వంటిది. నేడు నింపినది నేటికిని రేపటికిని సరిపోవును గాని ఎల్లుండికి మరల బావికి పోవలసినదే.

ఇందుకు గొప్ప నిదర్శన మొకటి కలదు. 1966వ సంవత్సరమున అమెరికాలోని డల్లాసు నగరమున వైద్యశాస్త్రజ్ఞులు కొందరు, ఆరోగ్యవంతులైన ఇరువది యేండ్ల యువకుల నైదుగురను ఎన్నుకొని, మూడు వారముల పాటు మంచము దిగనీయక పరుండబెట్టిరి. మిక్కిలి శ్రమపడు సమయమున దేహము ఒక నిమిషములో ఎంత ప్రాణవాయువును వినియోగించుకొనగలదో కొలిచినచో, ఆ మనుష్యుని శక్తి యెంతో తెలియును. మూడు వారములు గడచి వారు మంచము దిగునప్పటికి ఆ కొలత నాలుగవ వంతుకు మించి తగ్గిపోయెను. పిమ్మట సుమారు ఎనిమిది వారములు వారిచేత క్రమముగా వ్యాయామము చేయింపగా పోయిన శక్తి తిరిగి వచ్చెను. అంతకు పూర్వము వ్యాయామ మెరుగని ముగ్గురును తమ మొదటి స్థితిని దాటి ముందునకు పోయిరి. కథ అంతటితో ముగియలేదు. ముప్పది యేండ్లు గడచిన పిదప, 1996లో, ఆ అయిదుగురినే మరల పిలిచి పరీక్షించిరి. అప్పటికి వారికి ఏబది యేండ్లు. నడుములు లావెక్కినవి, బరువు పెరిగినది. అయినను వారిలో ఏ ఒక్కని శక్తియు, ఇరువదవ యేట మూడు వారముల మంచము దిగజార్చినంతగా ముప్పది యేండ్ల వయస్సు దిగజార్చలేదు! ఆరు నెలలు నడక, పరుగు, సైకిలు మొదలగు వానితో సాధన చేయింపగా, వయస్సు వలన తగ్గిన ఆ శక్తియు తిరిగి లభించెను.

అయిదుగురిని చూచి లోకమునంతటిని నిర్ణయింపరాదని ఎవరైన అనిన, ఆ మాట న్యాయమే. మన పిల్లలు మంచము పట్టినవారును కారు. కాని జనవరి నుండి మార్చి వరకు పదవ తరగతి బాలుని దినచర్య ఎట్లున్నదో ఒకమారు తలచి చూడుడు. తెల్లవారక మునుపే ట్యూషను బల్ల, ఆటోలో సీటు, బడిలో బెంచి, సాయంకాలము స్టడీ అవర్సు, మరల ఆటో, రాత్రి పుస్తకము, నడుమ నడుమ సెల్లు ఫోను. పరుండలేదన్న మాటయే గాని, కూర్చున్న చోటు మారుచున్నది, కూర్చుండుట మారుట లేదు.

వెనుకటి తరమువారు ఇట్టి లేఖలు వ్రాయవలసిన పని లేకుండెను. మూడు మైళ్లు నడచి బడికి వచ్చిన బాలునకు, ఇంటికి పోయి నాలుగు బిందెల నీరు తోడవలసిన బాలికకు డ్రిల్లు గంట లేకున్నను దేహము పనిచేయుచునే యుండెను. రోలు, రోకలి, తిరుగలి, చేద, కావడి ఇవి యన్నియు ఇండ్లనుండి మెల్లగా తొలగిపోయినవి. పోయినందుకు నేను విచారించుట లేదు. రుబ్బురోలు మన తల్లుల రెక్కలు విరిచినది. దానిని పొగడువారు దాని ముందు కూర్చుండి పిండి రుబ్బినవారు కారు. అయితే యంత్రము వచ్చి పనిని తీసికొనిపోయిన సంగతి మన ఎముకలకును, కండరములకును, రక్తనాళములకును ఎవరును చెప్పలేదు. అవి పూర్వమువలెనే పని కొరకు ఎదురుచూచుచున్నవి.

ఆ పని యేమిటో కొంచెము వివరింతును. తొమ్మిదవ తరగతిలో మేము చేయు ప్రయోగ మొకటి కలదు. పిల్లలు మణికట్టుపై వ్రేళ్లుంచి తమ నాడిని లెక్కించుకొందురు. కూర్చున్నప్పుడు నిమిషమునకు డెబ్బదియో, ఎనుబదియో వచ్చును. అంతట మేడమెట్లు రెండుమారులు వేగముగా ఎక్కి దిగి వచ్చి మరల లెక్కింపుడని చెప్పుదుము. నూట ముప్పది, నూట నలువది అని కేకలు వేయుదురు. అసలు పాఠము దాని తరువాత వచ్చును: ఎవరి నాడి ఎంత త్వరగా మొదటి లెక్కకు దిగివచ్చుచున్నదో చూడవలెను. రోజును పరుగెత్తు పిల్లలకు సాధారణముగా త్వరగా దిగును. తక్కినవారు చాల సేపు రొప్పుచుందురు.

విశ్రాంతిగా నున్న పెద్దమనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును పంపును. ఆరోగ్యవంతుడైన యువకుడు మిక్కిలి శ్రమించునప్పుడు అదే గుండె 20 లీటర్ల వరకు పంపగలదు. సాధన చేసిన పరుగుపందెగాండ్ర గుండె 30 లీటర్లను మించును. విశ్రాంతివేళ ఆ రక్తములో ఇంచుమించు అయిదవ వంతు మాత్రమే కండరములకు పోవును; శ్రమవేళ నాలుగు వంతులు వానికే పోవును. ఏ అవయవమునకు ఎంత రక్తము కావలెనో అంతయే అందునట్లు నాళములు విచ్చుకొనుచు ముడుచుకొనుచు నుండును. సాధన వలన గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తము నెట్ట నేర్చుకొనును. అందుచేత విశ్రాంతివేళ దానికి తక్కువ దెబ్బలు చాలును. మంచి ఆటగాని నాడి నిమిషమునకు ఏబదికి దిగియుండుట చూచి రోగమని భయపడనక్కరలేదు.

మన జిల్లాలకు మిక్కిలి సంబంధించినది చక్కెర సంగతి. అన్నము తిన్న పిదప రక్తములో చేరిన చక్కెరను కండరముల లోనికి చేర్చుటకు ఇన్సులిను అను రసము తలుపు తీయవలెను. ఆ రసము చాలకున్నను, తలుపు దాని మాట వినకున్నను అదియే మధుమేహము. అయితే పనిచేయుచున్న కండరమునకు వేరొక ద్వారము కలదు. అది ముడుచుకొనుచు సాగుచు ఉన్నంతసేపు ఇన్సులిను పిలుపునకు కాచియుండక తానే చక్కెరను లోనికి లాగుకొనును. అంతేకాదు, వ్యాయామము ముగిసిన తరువాతను కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములు, ఆ కండరము ఇన్సులిను మాట శ్రద్ధగా వినును. ఆ పిమ్మట మరల చెవిటిదగును. కుండను మరల మరల నింపవలెనని పైన చెప్పుటకు కారణ మిదియే.

భారతదేశమున మధుమేహముతో నున్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలని 2023లో వెలువడిన అఖిలభారత పరిశోధన లెక్కకట్టినది. రోగము అంచున నున్నవారు అంతకంటె ఎక్కువ. మన చెన్నపట్టణమున జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి నేను ప్రతి సంవత్సరమును తరగతిలో చెప్పుచుందును. అట్లు అంచున నున్నవారిని 531 మందిని తీసికొని, కొందరికి ఆహారనియమమును, దినమునకు అరగంటకు తక్కువగాని నడకను అలవరచిరి. కొందరికి మామూలు సలహా మాత్రమే యిచ్చిరి. మూడు సంవత్సరములలో, మామూలు సలహా పొందినవారిలో నూటికి 55 మంది మధుమేహులైరి. నడక, ఆహారనియమము పాటించినవారిలో నూటికి 39 మందియే అయిరి. వ్యాధి పూర్తిగా తొలగెనని ఎవరును చెప్పలేదు. నడక ఎంతవరకు, ఆహారము ఎంతవరకు అని ఈ లెక్క విడదీసి చెప్పదు గూడ. అయినను నూటికి పదునారుగురు తప్పించుకొనుట స్వల్ప విషయమా?

ఇది పెద్దల రోగము, పిల్లలకేల యని అడుగవచ్చును. పెద్దతనపు అలవాట్లు ఎక్కడనుండి వచ్చును? పదునైదవ యేట "చదువుకొనువానికి మైదానముతో పనిలేదు" అని మూడు నెలలు నేర్పి, ఇంటరులో రెండు సంవత్సరములు అదే పాఠము చెప్పి, నలుబదియైదవ యేట వైద్యుడు నడువుమనగానే నడువవలెనన్న కాళ్లు వినవు.

బాలికల విషయము వేరుగ చెప్పవలసియున్నది. ఏడవ తరగతిలో కోకో ఆటలో మగపిల్లలను మించి పరుగెత్తిన పిల్ల తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి వేపచెట్టు క్రింద కూర్చుండి ఇతరుల చెప్పులకు కాపలా కాయుచుండును. ఎవరును ఆమెను ఆడవలదనలేదు, ఆడుమనియు అనలేదు. బట్టలు మార్చుకొను గది లేదు, ఎదుట వీధి గోడ పొట్టిది, చూచువారు నవ్వుదురన్న జంకు. ఆడపిల్లలకు సుమారు పండ్రెండు పదమూడేండ్లకును, మగపిల్లలకు పదునాలుగేండ్లకును ఎముకలు మహావేగమున గట్టిపడును. పెద్దతనమున ఉండు ఎముకలోని ఖనిజములో ఇంచుమించు నాలుగవ వంతు ఆ రెండు సంవత్సరములలోనే చేరును. దుముకుట, పరుగెత్తుట, బరువెత్తుట ఇట్టి తాకిడికి ఎముక బలియును. టెన్నిసు ఆడువారి ఆడు చేతి ఎముక రెండవ చేతి ఎముకకంటె లావుగ నుండుట ఇందుకు ప్రత్యక్ష ప్రమాణము. ఆ రెండు సంవత్సరములను మన బాలికలు చెట్టు క్రింద గడపుచున్నారు. అరువదవ యేట స్నానపు గదిలో కాలుజారి తుంటి విరుగుటకు ఈ చెట్టు నీడకు సంబంధము లేదని నేను ధైర్యముగా చెప్పజాలను.

వ్యాయామమనగానే మనవారికి బలవంతుడు స్ఫురించును. వీరఘట్టమున పుట్టి 1942లో గతించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఇనుప గొలుసులు త్రెంచుటయు, ఏనుగును రొమ్ముపై మోయుటయు మన తాతలు కథలుగ చెప్పిరి. ఆయన ఘనత ఆయనదే. కాని ఆ కథలు వినుటవలన, కసరత్తు చేయుట ఆయన వంటివారి పని, చప్పట్లు చరచుట మన పని అను భావము మనలో నాటుకొనినది. మన వార్షిక క్రీడోత్సవమును చూడుడు: బహుమతులు పొందువారు ఇరువది మంది, ఎండలో కూర్చుండి చూచువారు ఆరువందలు.

ఈ భావము తప్పని నిరూపించినవారు లండను బస్సు కండక్టర్లు! జెర్రీ మారిసు అను వైద్యుడు తన సహచరులతో గూడి, ఆ నగరపు రెండంతస్తుల బస్సుల డ్రైవర్ల యొక్కయు కండక్టర్ల యొక్కయు గుండె జబ్బుల లెక్కలు తీసి 1953లో ప్రకటించెను. ఇరువురిదియు ఒకే కంపెనీ, ఒకే వీధులు, ఇంచుమించు ఒకే జీతము. ఒకడు దినమంతయు కూర్చుండును. రెండవవాడు టిక్కెట్లు కోయుచు దినమునకు అయిదువందలకు పైగా మెట్లు ఎక్కుచుండును. కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చెను. వచ్చినను ఎక్కువ వయస్సున వచ్చెను. చప్పున చంపుటయు తక్కువ. అటులనే ఇంటింటికి తిరిగి ఉత్తరములు పంచు తపాలా జవానులకు, కార్యాలయమున కూర్చుండు గుమాస్తాలకంటె ఆ జబ్బు తక్కువని తేలెను.

లావుగ నున్నవారే డ్రైవరు పని కోరుకొనిరేమో, భేదము దానివలన వచ్చినదేమో యని ఎవరైన సందేహింపవచ్చును గదా! మారిసు ఆ సందేహమును విడువక కంపెనీవారు కుట్టించి యిచ్చిన లాగుల నడుము కొలతల పుస్తకములు తెప్పించి చూచెను. నిజముగనే డ్రైవర్ల నడుములు పెద్దవి. అయితే సమానమైన నడుము గలవారిని పోల్చి చూచినను భేదము పూర్తిగా తొలగలేదు. శాస్త్రము చదువు పిల్లలకు ఈ లాగుల కథ నేను తప్పక చెప్పుదును. తన మాటను తానే పరీక్షకు నిలుపుకొనుట ఎట్లో అందు కనబడును. 1910లో పుట్టిన మారిసు తానును వ్యాయామము మానక 2009 వరకు జీవించెను. ఒక్కరి ఆయుర్దాయము ప్రమాణము కాదు గాని, చెప్పకుండ ఉండలేకపోతిని.

ఆ కండక్టర్లలో గొలుసులు త్రెంచినవా రెవరును లేరు. ఏ పందెమునను బహుమతి పొందనక్కర లేకయే వారికి మేలు కలిగినది.

ఇక మార్కుల మాట. పరుగెత్తినచో గణితమున మార్కులు పెరుగునని నేను వాగ్దానము చేయను. కాని ఆ గంట తీసికొన్నంత మాత్రమున మార్కులు పెరుగునని చెప్పువారును రుజువు చూపవలెను గదా. 1970లలో కెనడా దేశపు క్యుబెక్కు ప్రాంతమున ప్రాథమిక పాఠశాలల పిల్లలకు చదువు గంటలు తగ్గించి వారమునకు అయిదు గంటలు అధికముగా వ్యాయామము చేయించిరి. పిల్లల చదువు తగ్గలేదు. వారు చిన్నపిల్లలు, వారికి పబ్లిక్ పరీక్ష లేదు, దేశమును వేరు, ఒప్పుకొందును. అయినను, ఏడు గంటలు కూర్చున్న బాలుడు ఎనిమిదవ గంటలో ఏపాటి గణితము గ్రహించుచున్నాడో గణితోపాధ్యాయులకే బాగుగ తెలియును. చివరి బెంచీలలో నిద్రించువారిని లేపుటకే సగము గంట చాలుట లేదని చెప్పుకొనుట నేను ఉపాధ్యాయుల గదిలో పలుమారులు విన్నాను.

గంటను నిలుపుకొన్న మాత్రమున చాలదు. ఉన్న తరగతులలో ఆ గంట ఎట్లు గడచుచున్నదో గూడ చెప్పుట న్యాయము. ఒక్క బంతి యిచ్చిన, పదునొకండుగురు ఆడుదురు, నలుబది మంది గట్టున నిలువబడుదురు. వరుసలు తీర్చుటకు పావుగంట, హాజరునకు అయిదు నిమిషములు. ఈ లోపము డ్రిల్లు మాష్టార్లది కాదు. వారికి వస్తువులును, సహాయకులును లేరు. అమెరికా దేశస్థుడైన హారీ క్రో బక్కుగారు 1920లో మదరాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినది డ్రిల్లు మాష్టారును సిపాయి వరుసలనుండి తప్పించి ఉపాధ్యాయునిగ చేయుటకే. ఆనాడు ఆ రాజధానిలోనే చేరియున్న మన తెలుగు జిల్లాల పాఠశాలలకును అక్కడ శిక్షణ పొందినవారు వచ్చిరి. ఆ విద్య నేర్చినవారి చేత నేడు పరీక్ష హాలునకు నంబర్లు అంటింపించుచున్నాము.

అయిదు మొదలు పదునేడు సంవత్సరముల పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషములు, గుండె వేగము పెంచునట్టి కదలిక కావలెనని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. వారములో మూడు దినములైన కండరములను, ఎముకలను బలపరచు పని అందు చేరియుండవలెను. పాఠశాల అదియంతయు ఇయ్యజాలదు. నలుబదియైదు నిమిషములలో ఇరువదియైదు నిమిషములు ప్రతి బిడ్డయు చెమట పట్టునట్లు కదలిన చాలునందును. చెడుగుడుకు నాలుగు బరులు సున్నముతో గీచిన, ఒకేమారు ఏబదిమందికి మించి ఆడవచ్చును. కోకోకు బంతియు అక్కరలేదు. త్రాడు దుముకుట అన్నిటికంటె చవుక, ఎముకలకు మిక్కిలి మేలు. బాలికలకు హాస్టలు వెనుక నున్న ఖాళీ స్థలము, ఒక ఉపాధ్యాయినిగారి పర్యవేక్షణ చాలును. ఫిబ్రవరి దాటిన పిదప ఎండ ముదురును గనుక పదవ తరగతి గంటను ఉదయము ప్రార్థనకు ముందే ఉంచవలెను. ఏమియు తినక వచ్చు పిల్లలు కొందరున్నారు. వారిని పరుగెత్తింపక మునుపు ఆ సంగతి కనుగొనవలెను. ఉబ్బసమో, గుండె లోపమో గలవారిని వైద్యుని అడిగియే కదలింపవలెను. ఆ పేరు చెప్పి ఊరక కూర్చుండబెట్టరాదు.

వచ్చు జూనులో టైంటేబులు వ్రాయునప్పుడు పదవ తరగతికి వారమునకు మూడు డ్రిల్లు గంటలు వ్రాసి, పరీక్షల ముందటి వారము వరకు వానిని ఎవరికిని బదులీయరాదని ప్రధానోపాధ్యాయులవారు ఆ కాగితము అడుగుననే వ్రాయింపవలెనని కోరుచున్నాను. తలిదండ్రుల సభలో ఈ మాట అడుగువారు ఇద్దరు ముగ్గురున్నను వారికి బలము చేకూరును. పూర్వవిద్యార్థులు ఏటేట మనకు బీరువాలు, గడియారములు బహూకరించుచున్నారు. ఈ యేడు వారు నలుబది దుముకుడు త్రాళ్లును, రెండు బస్తాల సున్నమును, వీధివైపు గోడ ఎత్తు చేయుటకు కావలసిన ఇటుకలును ఇచ్చిన చాలును. గోడ పొడవు నేనును డ్రిల్లు మాష్టారుగారును కలిసి కొలిచి యుంచితిమి; అడిగినవారికి లెక్క చూపుదుము.